ఇరవై మూడో మెట్టు

గోడ మీద ఆ అట్ట ఇంకా ఉంది. పాత క్యాలెండరును వెనక్కి తిప్పి, స్కెచ్ పెన్నుతో సున్నా నుంచి పది దాకా అంకెలు వేసి, వాటి పక్కన ఆయన సొంత చేత్తో రాసిన మాటలు. సున్నా దగ్గర 'కూసున్నట్టే ఉన్నది'. మూడు దగ్గర 'జర కష్టం'. ఐదు దగ్గర 'కష్టమే'. ఏడు దగ్గర 'మస్తు కష్టం'. పది దగ్గర 'ఇగ చాలు'. ఎంతమంది వేళ్లు పెట్టారో, ఏడో అంకె మీద కాగితం నూనెచుక్క పడినట్టు మెరుస్తోంది.

అట్ట ఉంది, ఆయన లేడు. పోయినవారం నా ఏడాది పరీక్షకని పంజాగుట్ట వెళితే ఆ గదిలో వేరే అమ్మాయి కూర్చుని ఉంది. ఆయన సెలవులో ఉన్నారా అని అడిగాను. మాస్కు తుడుస్తున్న చెయ్యి ఆపకుండానే, వానలు మొదలవక ముందే పోయారండీ అంది. దేనితో పోయాడో కూడా చెప్పింది. అది కాసేపాగి రాస్తాను. ఇక్కడే రాస్తే ఆయన మీకు రోగిలా కనిపిస్తాడు. నాకు కనిపించింది అలా కాదు.

చౌరస్తా నుంచి సోమాజిగూడ వైపు వెళుతుంటే ఒక సందులో ఆ క్లినిక్కు. మూడో అంతస్తు చివర ఆ గది. కిటికీకి ఆకుపచ్చ తెర. మధ్యాహ్నం పూట ఎండ ఆ తెరలోంచి వడకట్టుకుని వచ్చి గది మొత్తాన్ని చెరువు అడుగులా మార్చేది. కింద ఫ్లైఓవరు మీద బళ్ల రొద పైకి వచ్చేసరికి మెత్తబడి, మా కాకినాడ వైపు సముద్రంలా వినిపించేది. ఆ నీటి వెలుతురులో ఒక సైకిలు, ముందుకు పోని సైకిలు; దాని పక్కన నడిచినా ఎక్కడికీ పోని పట్టా; మూలన చేతుల్తో తిప్పే పెడళ్ల బల్ల. వీటన్నిటి మధ్యా రబ్బరు చెప్పులతో చప్పుడు లేకుండా తిరిగే ఆయన.

మనం కదులుతున్నప్పుడు ఒంటికి ఎంత ప్రాణవాయువు కావాలో, ఒళ్లు ఎంత వాడుకోగలదో కొలవడం ఆయన పని. నేనేమో అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ముప్పై ఏళ్లు టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పినవాణ్ణి. నిమిషానికి నూట ఇరవై మాటలు కొట్టేవాణ్ణి. సరే, ఎనభై. మంచి రోజున ఎనభై రెండు. నా నోట్లోంచి ఏ అంకె వచ్చినా మూడో వంతు తీసేసి వినండని మా ఆవిడ కొత్తవాళ్లకి ముందే చెప్పిపెడుతుంది.

అలాంటి నా ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో ఒక మచ్చ కనబడింది. కోసి తీసేయాలన్నారు. తీసేశాక మిగిలినదాంతో నేను నెట్టుకురాగలనా లేదా అన్నది ఆ గదిలో, ఆ సైకిలు మీద తేలాలి. తేలితే ఆపరేషన్. తేలకపోతే మందులు వాడుతూ చూడ్డమే. ఎన్నాళ్లు చూడొచ్చో డాక్టరు చెప్పలేదు. మేం అడగలేదు.

ఆ పరీక్షకు ముందు రెండు వారాలు ఊపిరి కసరత్తులకని రోజూ ఆ గదికి వెళ్లాను. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, జేబులో నాలుగు మడతల రుమాలు, మెడలో నల్లదారానికి చిన్న చెక్క శిలువ. ఆదివారాలు చర్చిలో పాటల గుంపులో నిలబడతాడని ఎవరో చెప్పారు. గదిలో మాత్రం పెదాలు కలిపి ముక్కుతో రాగం తీసేవాడు. కొంచెం తీసి ఆపేవాడు. మళ్లీ అందుకునేవాడు. మాట కూడా అంతే. మూడు మాటలు, మహా అయితే నాలుగు, అక్కడ చుక్క. 'కూసోండ్రి సార్.' 'ఫికర్ వద్దు.' 'నడుం వంచకుండ్రి.' టెలిగ్రాములకు అలవాటుపడ్డ ప్రాణం నాది, అందుకని ఆయన మాటతీరు నాకు తెగ నచ్చేసింది. ఎంత పొదుపు, ఎంత చమత్కారం అనుకునేవాణ్ణి.

పొద్దున్నే మొదటి పేషెంటు రాకముందు ఒక పెద్ద సిరంజి తీసేవాడు. సూది ఉండదు, సైకిలు పంపంత లావు, మూడు లీటర్ల గాలి పడుతుంది. ఊపిరి కొలిచే యంత్రానికి తగిలించి నెమ్మదిగా ఒకసారి, గబగబా ఒకసారి తోసేవాడు. నిండు ఊపిరి అంటే ఎంతో ముందు దానికి చూపించాలట. తర్వాత అందర్నీ బయటికి పంపేసేవాడు. యంత్రం ఉత్త గది గాలిని రుచి చూడాలి, మన ఊపిరి అందులో కలవకూడదు. తనూ గుమ్మం అవతల, మొహం అటు తిప్పుకుని నిలబడేవాడు. గుళ్లో నైవేద్యం పెట్టి తెర వేసినట్టుండేది. ఆ రెండు నిమిషాలూ కారిడార్లో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. నేను కూడా. ఇది నిజం, మూడో వంతు తీయక్కర్లేదు.

ఆయనకే సొంతమైన పద్ధతి ఇంకొకటి ఉండేది. ముక్కూ నోరూ కప్పేసే మాస్కు బిగించే ముందు ప్రతివాళ్ల చేతా ఒక వాక్యం మొదలుపెట్టించేవాడు. "ఒక మాట చెప్పుండ్రి. సగంల ఆపుండ్రి." మిగతా సగం సైకిలు దిగాక చెప్పాలి. మాస్కు తీసిన దగ్గర్నుంచి ఆ సగం వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూసి కాగితం మూల పెన్సిలుతో రాసుకునేవాడు. ఒక వంటావిడ "నేను పచ్చిపులుసు చేస్తే" అని ఎక్కి, దిగి, నాలుగు నిమిషాలు రొప్పి, "గల్లీ మొత్తం అన్నం పెట్టుకుంటది" అని పూర్తిచేయడం నేను చూశాను. ఒక రిటైర్డు లెక్చరరు "నా పెళ్లినాడు" అని ఎక్కి, దిగాక ఎంతకీ పూర్తిచేయలేదు. ఊపిరి ఎప్పుడో కుదుటపడింది. ఆయన పెన్సిలు పక్కన పెట్టేసి, "ఊపిరి వచ్చింది. మాట రాదు," అన్నాడు.

నెత్తురు సంగతి కూడా ఆయన చెప్పిందే. ఒక్కపెట్టున కాదు. ఒకరోజు ఒక ముక్క, మరో రోజు ఇంకో ముక్క. కుట్టుకున్నది నేను. నెత్తుట్లో ప్రాణవాయువును మోసేది షేర్ ఆటో లాంటిదట. నాలుగే సీట్లు. మన అమీర్‌పేట ఆటోవాడు ఏడుగుర్ని ఇరికిస్తాడు గానీ ఇక్కడ అలా కుదరదు. మనం ఊరికే కూర్చుని ఉన్నప్పుడు నలుగురెక్కితే ఒక్కడే దిగుతాడు. మిగతా ముగ్గురూ కిటికీలోంచి చూసుకుంటూ వెనక్కి వచ్చేస్తారు. నడక మొదలెడితే ఇద్దరు దిగుతారు. మెట్లెక్కితే, పరుగెత్తితే ముగ్గురు దిగుతారు, ఆటోలూ జోరుగా తిరుగుతాయి. నలుగురూ దిగిపోవడం మాత్రం దాదాపుగా ఉండదు. "ఒకడు ఉండాలె సార్," అనేవాడు, వేలెత్తి. ఎందుకుండాలో చెప్పేవాడు కాదు. ఆ ఒక్కడూ ఎవరా అని నేను చాలా మధ్యాహ్నాలు ఆలోచించాను.

ఇంకో మాట కూడా చెప్పాడు. మోటరు వేయగానే నల్లాలోకి నీళ్లు రావు. ఒళ్లు కూడా అంతే. మనం తొక్కడం మొదలెట్టిన నిమిషం రెండు నిమిషాలు కండరం తన దగ్గరున్నదాంతో సర్దుకుంటుంది, ఊపిరి తర్వాత వచ్చి అందుకుంటుంది. ఆపేశాక కూడా అంతే, కాళ్లు ఆగినా రొప్పు ఆగదు. పట్టా, సైకిలు, చేతి పెడళ్లు, కారిడార్లో రెండు ఎర్ర గుర్తుల మధ్య ఆరు నిమిషాల నడక, వీటిని ఆయన ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. "నడక ఇంటిమనిషి." రోజూ చేసేదే కాబట్టి రోజూ ఎలా బతుకుతున్నామో చెబుతుందని. "పట్టా ఒళ్లంతా అడుగుతది." అందుకే దాని మీద ప్రాణవాయువు ఎక్కువ ఖర్చు. "సైకిల్ తొడలనే అడుగుతది." అందుకే కొందరికి ఊపిరి కన్నా ముందే కాళ్లు మండిపోతాయి. "చేతులది చిన్న నోరు." గుండె దడదడలాడుతుంది గానీ తినేది తక్కువ.

అన్నిటికన్నా నన్ను ఇబ్బందిపెట్టిన మాట మొదటి రోజే అన్నాడు. అంతకుముందు నేను కాలేజీ రోజుల్లో సైకిలు మీద రోజుకు అరవై కిలోమీటర్లు తొక్కేవాణ్ణని చెప్పి ఉన్నాను. (ఇరవై. అదీ వారానికోసారి.) ఆయన నా ఛాతీ మీద తీగలు అతికిస్తూ తలెత్తకుండా అన్నాడు. "ఇక్కడ తక్కువ చేయొచ్చు సార్. ఎక్కువ చేయలేరు."

నిజమే కదా. ఆగిపోవడం మన చేతిలో ఉంది. లేని ఊపిరిని చూపించడం మన చేతిలో లేదు. బతుకంతా ఎక్కువ చేసి చెప్పినవాడికి ఇంతకన్నా నరకం ఏముంటుంది? ఎదురుగా కంప్యూటరు తెర మీద రెండు గీతలు. లోపలికి తీసుకునే ప్రాణవాయువు ఎర్రగీత, వదిలే బొగ్గుపులుసు గాలి నీలంగీత. మొదట నీలం కిందుగా నడుస్తుంది. శ్రమ పెరిగే కొద్దీ దగ్గరికొస్తుంది. ఒళ్లు తన అంచుకు చేరేసరికి నీలం ఎరుపును దాటేస్తుంది.

నా మొదటి పరీక్ష సంగతి అమీర్‌పేట పార్కులో బల్ల మీద ఇలా చెప్పాను. పద్దెనిమిది నిమిషాలు తొక్కాను. యంత్రం తట్టుకోలేకపోయింది. చైను తెగి ఠపీమని గోడకు తగిలింది. మా గుంపులో ఒక రిటైర్డు కండక్టరున్నాడు. ఆయన వేరుసెనక్కాయ పొట్టు ఊదుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"దానికి చైనే ఉండదు గద భాయ్. నేను సుత ఎక్కిన దాని మీద."

పద్దెనిమిది కాదు. ఐదు నిమిషాలు. ఐదో నిమిషంలో నేను చెయ్యెత్తి అట్ట మీద పది చూపించాను. ఇగ చాలు. ఆయన వెంటనే బరువు తగ్గించి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మాస్కు వదులు చేశాడు. నేను "మా టైపు ఇన్‌స్టిట్యూట్ లో చేరినవాడెవడూ" అని ఎక్కి ఉన్నాను. మాస్కు ఊడిందో లేదో, "ఉద్యోగం రాకుండా బయటికి పోలేదు" అని ముగించేశాను. ఆయన గడియారం వైపు చూడనే లేదు. పెన్సిలు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

బయట బెంచీ మీద మా ఆవిడ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కాళ్లు సహకరించలేదని చెప్పాను. కాఫీ పోయబోతున్నదల్లా ఆగి, మూత మళ్లీ తిప్పి బిగించింది. ఆ మూత బిగించిన చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

నాలుగు రోజుల తర్వాత రిపోర్టు కోసం నేనొక్కణ్ణే వెళ్లాను. సాయంత్రం కావస్తోంది. ఆయన గది తాళం వేస్తున్నాడు. "రిపోర్ట్ రేపు సార్," అన్నాడు. ఇద్దరం మెట్రో వైపే కాబట్టి కలిసి నడిచాం. పంజాగుట్టలో ఆ వేళకి వెలుతురు ఇత్తడి రంగులో ఉంటుంది. బంగారు కొట్ల అద్దాలు, బస్సుల అద్దాలు, మనుషుల కళ్లద్దాలు అన్నీ ఒకేసారి మెరుస్తాయి. స్టేషను లిఫ్టు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. మెట్ల మీదే పోదామన్నాను.

ఎక్కుతూ నేను టైపు పోటీ కథ ఎత్తుకున్నాను. మద్రాసు నుంచి వచ్చిన జడ్జీలు, కరెంటు పోవడం, చీకట్లోనే నేను పేజీ మొత్తం ఒక్క తప్పు లేకుండా కొట్టడం, దీపం వెలిగేసరికి హాలంతా లేచి నిలబడటం. (పోటీ నిజం. కరెంటు కూడా పోయింది. నాకు మూడో బహుమతి వచ్చింది, పాల్గొన్నది నలుగురం.) కథ పూర్తయ్యేసరికి మెట్లు పూర్తయ్యాయి. మెచ్చుకోలు కోసం పక్కకు తిరిగాను. ఆయన లేడు.

కిందికి చూస్తే సగంలో రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జనం ఆయన్ని తప్పుకుని ఎక్కుతున్నారు. నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతివి ఐదు వేళ్లు, రెండో చేతివి రెండు. ఏడు. ఏదో తమాషా చేస్తున్నాడనుకుని నవ్వుతూ దిగాను. తర్వాత లెక్కపెడితే తెలిసింది, ఆయన ఉన్నది కింది నుంచి ఇరవై మూడో మెట్టు. దగ్గరికి వెళ్లాక నా నవ్వు ఆగిపోయింది. మెడ నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. పెదాల చివర నీలంగా ఉంది. రుమాలుతో నుదురు తుడుచుకుంటూ, ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"మీ మాట తెగలే సార్."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అన్ని మెట్లు ఎక్కిండ్రు. మాట్లాడుకుంటనే ఎక్కిండ్రు." కొంచెం ఆగాడు. "సైకిల్ మీదెందుకు ఆగిండ్రు?"

ఒళ్లు అంచుకు చేరినవాడు నోరు కదపలేడు. రెండు మాటలకో ఊపిరి కావాలి. నేను దీపం వెలిగించి, హాలును లేపి నిలబెట్టి, చప్పట్లు కూడా కొట్టించి ఎక్కాను. సైకిలు మీద నా నీలంగీత ఎర్రగీత దరిదాపులకు కూడా రాలేదని ఆయనకు నాలుగు రోజులుగా తెలుసు. ఆగింది నా కాళ్లు కాదు, ఊపిరి కాదు. నేనే ఆపేశాను. బతుకులో మొదటిసారి నా గురించి తక్కువ చేసి చెప్పాను, అదీ పనికిరానని తేలితే కోత తప్పుతుందని. మచ్చ ఎంత పెరిగినా సరే, మత్తిచ్చి, గొంతులో గొట్టం దింపి, నా నోరు మూసి ఆ బల్ల మీద పడుకోబెట్టకుండా ఉంటే చాలనుకున్నాను. మూడు నాలుగు గంటలు మాట్లాడకుండా ఉన్నవాడు మళ్లీ మాట్లాడతాడని నమ్మకమేంటి?

"భయమేసిందయ్యా," అన్నాను. అంతకన్నా ఒక్క మాట కూడా ఎక్కువ రాలేదు.

ఆయన తలూపాడు. రెయిలింగు మీద ఉన్న నా చేతి మీద తన చెయ్యి వేశాడు. "నేను సుత..." అన్నాడు.

అక్కడ ఊపిరి అందలేదు. పై నుంచి రైలు దిగిన జనం ఒక్కసారిగా మెట్ల మీదికి వచ్చిపడ్డారు. ఆయన చేత్తో గాలిలో చిన్న సున్నా చుట్టి, తర్వాత అన్నట్టు ఊపాడు. జనం సద్దుమణిగాక అన్నది వేరే మాట. "రేపు రాండ్రి. అమ్మను తోలుకరాండ్రి."

ఆయన మూడు మాటల వాక్యాలు చమత్కారం కాదని ఆ మెట్టు మీద తెలిసింది. ముక్కులో తీసే ఆ రాగం మధ్యమధ్య ఆగేది కూడా అందుకే. అంత ఊపిరే ఉంది ఆ మనిషికి. అందులోనే మా అందరికీ ధైర్యం చెప్పేవాడు.

మర్నాడు మా ఆవిడను బెంచీ మీద కాకుండా గదిలోనే, నా ఎదురుగా కూర్చోబెట్టాడు. ఒక వాక్యం మొదలుపెట్టమన్నాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా ఆవిడ వైపు చూసి, "పోయినసారి నా కాళ్లు" అని ఆపాను. మాస్కు బిగిసింది.

తొమ్మిది నిమిషాలు తొక్కాను. తొమ్మిదే. మొదట్లో కిటికీ తెర పచ్చగా, ఫ్యాను చప్పుడు దూరంగా, నిద్ర వచ్చేటంత హాయిగా ఉంది. నాలుగో నిమిషానికి తొడల్లో నిప్పు మొదలైంది. ఆరో నిమిషంలో గది నీళ్లతో నిండిపోయినట్టు, నేను అడుగున తొక్కుతున్నట్టు అనిపించింది. ఆయన అట్ట ముందుకు పట్టుకుని అడుగుతుంటే నా వేలు ఐదు మీద, ఏడు మీద, తొమ్మిది మీద పడుతూ పోయింది. చెవి దగ్గర ఆయన గొంతు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. "ఇంకొంచెం సార్. ఉన్నది. ఇంకా ఉన్నది." నీలంగీత ఎర్రగీతను తాకింది. దాటింది. ఆ దాటడం నేను కళ్లారా చూశాను. వేలు పది మీద పెట్టాను.

మాస్కు తీశాక మాట రాలేదు. నోరు తెరిస్తే గాలే. మా ఆవిడ లేవబోతే ఆయన చేత్తో ఆపాడు. గడియారం తిరుగుతోంది. నా వాక్యం గదిలో సగంగా వేలాడుతోంది. ఐదు నిమిషాల తర్వాత చెప్పగలిగాను.

"ఆగలేదు. నేనే ఆపేశాను."

ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పింది. గ్లాసులో కాఫీ పోసింది. "తెలుసు. తాగండి," అంది. ఆయన అటు తిరిగి కాగితం మూల పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. మిగిలిన ఊపిరి సరిపోతుందని ఆ సాయంత్రమే తేలింది.

ఆపరేషన్ రోజు మత్తు ఎక్కుతున్నప్పుడు ఒక కల వచ్చింది. వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాను గానీ, మత్తులో వచ్చిందో, మర్నాడు కళ్లు మూసుకుని నేను అల్లుకున్నానో ఇప్పుడు తేల్చి చెప్పలేను. ఎర్రటి సందుల్లో షేర్ ఆటోలు పోతున్నాయి, చప్పుడు లేకుండా. ప్రతి చౌరస్తాలో ముగ్గురు దిగుతున్నారు. చౌరస్తా మధ్య రబ్బరు చెప్పులతో ఆయన నిలబడి బళ్లను పంపిస్తున్నాడు. ఒక ఆటోలో చివరి సీట్లో దిగకుండా ఉండిపోయినవాణ్ణి నేనే. దిగనా అని అడిగితే వేలెత్తి చూపించాడు, ఒకడు ఉండాలె అన్నట్టు. ఆ ఆటోలోనే కూర్చుని తిరిగి తిరిగి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన్ని ఐదుసార్లు చూశాను. ఆరుసార్లు అనుకుంటాను గానీ, ఐదే. ప్రతిసారీ ఆ సగం మాట అడగాలనుకునే గది మెట్లెక్కేవాణ్ణి. ప్రతిసారీ నేనే మాట్లాడుతూ కూర్చునేవాణ్ణి. కోత గాటు ఎంత పొడవో, ఆస్పత్రిలో నర్సులందరినీ ఎలా నవ్వించానో, డాక్టరు నా ఊపిరి చూసి ఎలా ఆశ్చర్యపోయాడో. ఆయన తలూపుతూ వినేవాడు. మాట్లాడ్డానికి ఊపిరి తక్కువైన మనిషి పక్కన కూర్చుని, ఉన్న ఖాళీ మొత్తం నేనే వాడేశాను. ఒక్కసారి నోరు మూసుకుని ఉంటే చెప్పేవాడేమో. రెండు మూడు మాటల పనే కదా.

ఆ అమ్మాయి చెప్పింది, ఊపిరితిత్తులేనట. ఆయన ఆ గదిలో చేరకముందు నుంచీ ఉన్నదేనట. అంతమందిని ఎక్కించిన సైకిలు మీద ఆయన కూర్చోగా మాత్రం ఎవరూ చూడలేదట.

పార్కు బల్ల దగ్గర ఆ సగం మాటను నేను చాలా రకాలుగా పూర్తిచేశాను. "నేను సుత భయపడ్డ" అన్నాడని ఒకరోజు. "నేను సుత ఆపేసిన" అన్నాడని ఒకరోజు. "నేను సుత కోయించుకోవాల్సినోణ్ణే సార్, ధైర్యం చాలలే" అన్నాడని చెప్పిన రోజు కండక్టరు కళ్లు తుడుచుకున్నాడు. ఈ మూడూ నావే. ఆయన అన్నది రెండు మాటలు.

పోయినవారం క్లినిక్కు నుంచి దిగి మెట్రో మెట్ల దగ్గరికి వెళ్లాను. జనం పిచ్చివాడనుకోకుండా ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరికీ చేయకుండానే, మాట్లాడుతూ ఎక్కడం మొదలుపెట్టాను. టైపు పోటీ కథే. ఈసారి ఉన్నదున్నట్టు. నలుగురం, మూడో బహుమతి, ఎనభై మాటలు. ఆయన ఆగిన ఇరవై మూడో మెట్టు మీదే నా మాట కూడా తెగిందని రాద్దామనే ఇక్కడ కూర్చున్నాను. రాస్తే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కానీ తెగింది ముప్పై ఒకటో మెట్టు మీద.

రెయిలింగు పట్టుకుని ఎనిమిది మెట్లు కిందికి దిగాను. ఇరవై మూడు మీద నిలబడ్డాను. ఫోను జేబులో పెట్టుకున్నాను. ఊపిరి కుదుటపడింది. తర్వాత కూడా నోరు తెరవలేదు. అవతలివైపు నుంచి ఎవరైనా మాట్లాడతారేమోనని చోటు వదిలి, ఊరుకుని, అలాగే నిలబడి ఉన్నాను. పైన రెండు రైళ్లు వచ్చి పోయేదాకా అని రాసి, కొట్టేశాను.

ఒకటే.